నీ ఇంగువ డబ్బా చేసిన పని

టొరంటో,
మార్చి 9, 2025.

ప్రియమైన మిత్రుడికి,

సంక్రాంతికి అందిన నీ ఉత్తరానికి మార్చిలో జవాబు రాస్తున్నందుకు నన్ను మన్నించు. హాస్టల్ ఉప్మా మళ్లీ తినమనడం తప్ప ఏ శిక్ష విధించినా అనుభవిస్తాను. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది, పాప పరీక్షలు అయిపోయాయి, ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే దానికి మూలకారకుడివి నువ్వే.

ఫిబ్రవరిలో మేమిద్దరం, మా ఆఫీసు మిత్రుడు, ఆయన భార్య కలిసి కరీబియన్ సముద్రంలోని గ్రెనడీన్స్ దీవుల మధ్య వారం రోజులు తెరచాప పడవలో తిరిగాం. పడవ నడపడానికి ఆ దీవులవాడినే ఒకరిని కుదుర్చుకున్నాం. గోదావరి లాంచీలు ఎక్కి పెరిగిన నాకు ఆయనను సరంగు అనడమే సహజంగా ఉంది. వంట బాధ్యత నాకు అప్పగించారు. నా వంట నీకు తెలుసు కనుక, ఇక్కడ ఒక నిమిషం ఆగి నవ్వుకో.

బెక్వే దీవిలో పోర్ట్ ఎలిజబెత్ రేవు దగ్గర కూరగాయల బజారుకు వెళ్తే, చేమాకుల కట్టలకూ అరటి గెలలకూ నడుమ మీ పెరట్లో నూతి పక్కన కాసే సీమపనస కాయలే కుప్పగా పోసి కనిపించాయి. తాహితీ నుంచి ఆ మొక్కలు తేబోయిన కెప్టెన్ బ్లైపై 1789లో నావికులు తిరగబడి, నడిసముద్రంలో ఆయనను చిన్న పడవలోకి దింపేశారు. అయినా ఆయన పట్టు విడవకుండా మళ్లీ వెళ్లి, 1793లో వాటిని ఈ దీవుల దేశంలో పెద్ద దీవి అయిన సెయింట్ విన్సెంట్‌కు చేర్చాడు. ఇంత శ్రమా చెరకు తోటల్లోని బానిసలకు చవకగా తిండి పెట్టడానికేనని తెలిసినప్పుడు, చేతిలోని కాయ కాస్త బరువెక్కినట్లు అనిపించింది. ఇప్పుడైతే నిప్పుల మీద కాల్చిన సీమపనస, వేయించిన చేప ఈ దేశపు జాతీయ వంటకం. ఒడ్డున ఒకాయన కాయను తిప్పుతూ, తొక్క బొగ్గయ్యేదాకా కాల్చి, ఒలిచి, ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. అప్పుడే కాల్చిన రొట్టెకూ ఉడికిన బంగాళదుంపకూ మధ్య రుచి అది. దానికి ఆవ పెడితే ఎలా ఉంటుందో చూడాలన్న దుర్బుద్ధి నాకు అక్కడే పుట్టింది.

మర్నాడు బెక్వే నుంచి దక్షిణంగా టొబాగో కేస్ అనే చిన్న దీవుల గుంపుకు, సుమారు 25 నాటికల్ మైళ్లు బయలుదేరాం. లంగరు ఎత్తకముందే చేతులకు నూనె రాసుకుని, జిగురుతో పోరాడి, ముక్కలు తరిగి ఉడకబెట్టి ఉంచాను. తూర్పు గాలికి పడవ కుడివైపు బాగా ఒరిగింది. ఆ పడవలో పొయ్యి ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది కనుక నేల ఒరిగినా గిన్నె ఒరగదు, ఒరిగేది వంటవాడే. నీటి తుంపరలు పడుతున్నాయని పై తలుపులన్నీ బిగించారు. నేను నడుముకు పట్టీ కట్టుకుని, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి వేయించి, నువ్వు విమానాశ్రయంలో బలవంతంగా నా సంచిలో కుక్కిన ఆ ముద్ద ఇంగువలోంచి బఠాణీ గింజంత గిల్లి నూనెలో వేశాను.

అంతే, పైనుంచి పెద్ద కేక వినిపించింది. సరంగు చుక్కానిని మా మిత్రుడికి అప్పగించి, మూడు అంగల్లో మెట్లు దిగి, నన్ను పక్కకు తోసి, పొయ్యి ఆర్పి, గ్యాస్ మీట కట్టేసి, నేల చెక్కలు ఎత్తి కిందికి తల పెట్టి వాసన చూడటం మొదలుపెట్టాడు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కనుక, కారితే పడవ అడుగున చేరుతుందనీ, ఒక్క నిప్పురవ్వ పడినా అందరం ఆకాశంలో ఉంటామనీ ఆయన భయం. తప్పు ఆయన ముక్కుది కాదు. కారితే తెలియడానికి గ్యాస్‌లో కలిపేదీ గంధకపు వాసనే, ఇంగువదీ గంధకపు వాసనే. నేను గరిటె పట్టుకుని, నోట మాట రాక, నీ డబ్బా మూత తీసి ఆయన ముక్కు కింద పెట్టాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “దీన్ని మీరు తింటారా?” అని అడిగాడు. మా ఆవిడ మెట్ల మీదే కూలబడి నవ్వుతూ ఉండిపోయింది. నువ్వు అక్కడ ఉండి ఉంటే మనిద్దరినీ సముద్రంలోకి తోసేవారు.

లంగరు వేశాక కూర పూర్తిచేశాను. చింతపండు గుజ్జులో ముక్కలు మగ్గనిచ్చి, దించాకే ఆవ ముద్ద కలిపాను. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుందని మీ అమ్మగారు చెప్పిన మాట మరచిపోలేదు. సరంగు అన్నంలో రెండుసార్లు కలుపుకుని తిన్నాడు. ఆయన తల్లి తరఫు పెద్దలు 1861లో మద్రాసు నుంచి కూలీలను తెచ్చిన ట్రావంకోర్ అనే ఓడలో వచ్చినవారట. ఆ ఓడలో మన వైపువారు ఎవరైనా ఉండి, ఎవరి మూటలోనైనా ఒక చిటికెడు ఇంగువ ఉండి ఉంటే... సరే, ఈ ఆలోచన ఎటో పోతోంది.

ఆ సాయంత్రం అక్కడి పెటీ బాటో దీవి ఒడ్డున నిప్పుల మీద కాల్చిన రాతిరొయ్యలు తిన్నాం. మే నుంచి ఆగస్టు వరకు వాటిని పట్టరాదు కనుక మేము మంచి కాలంలోనే వెళ్లినట్లయింది. అవి బాగానే ఉన్నాయి, కానీ నా మనసంతా ఆవకూర మీదే ఉంది. మర్నాడు మేరో దీవిలో, 2024 జూలై 1న వచ్చిన బెరిల్ తుపానుకు కప్పులు ఎగిరిపోయిన ఇళ్లు ఇంకా అలాగే ఉండటం చూసి ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేకపోయాం. అక్కడ ఒక ముసలావిడ మాకు మామిడిపళ్లు ఇచ్చి, డబ్బు తీసుకోలేదు.

దిగేటప్పుడు సరంగు ఆ ఇంగువ డబ్బా అడిగాడు, ఇచ్చేశాను. కనుక నువ్వు వెంటనే ఇంకొకటి పంపాలి. పాలగుండ గురించి చెప్పాల్సింది చాలా ఉంది. మనం జ్వరం వస్తే తాగే ఆ జావ పిండికి సెయింట్ విన్సెంట్ ఒకప్పుడు ప్రపంచంలోనే... పాప సంగీతం క్లాసు అయిపోయింది, కింద కారులో ఎదురుచూస్తున్నారు. మిగతాది తర్వాత రాస్తాను.

నీ
ఉప్మా శత్రువు