రికార్డు పిచ్చి వల్ల ఓడిపోలేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

రాయగడ నుంచి రాస్తున్నాను, రైల్వేలో పనిచేసి రిటైర్ అయ్యాను, మీ పేపర్ పార్వతీపురం వైపు నుంచి మాకు పొద్దున్నే వస్తాది, ఒక్కోరోజు వర్షం పడితే తొమ్మిదిన్నర అయినా రాదు అది వేరే సంగతి. మొన్న స్పోర్ట్స్ పేజీలో కింద మూలన చిన్న ఐటం వేశారు, అమెరికాలో వాషింగ్టన్ క్యాపిటల్స్ అనే ఐస్ హాకీ టీం ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ అయ్యాక కప్ కోసం ఆడే రౌండ్లలో (ఒక్కో రౌండ్‌లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినోళ్లు పైకి పోతారు), ఇంటికెళ్లిపోయిందని, వాళ్ల ఆటగాడు అలెక్స్ ఒవెచ్‌కిన్ గోల్స్ రికార్డు మోజులో పడి టీం అసలు ఆట మర్చిపోయిందని. నాలుగు లైన్లే, కానీ నాకు తిన్నది అరగలేదు. రాసిన కుర్రాడు ఎవరో గానీ మ్యాచ్‌లు చూడలేదని తెలిసిపోతోంది. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఒరిస్సాలో తెలుగు మాట్లాడే ముసలోడికి మంచు మీద హాకీ ఎందుకని మీరు అనుకోవచ్చు. మా అమ్మాయి, అల్లుడు వర్జీనియాలో ఉంటారు, మనవడికి ఆ టీం అంటే ప్రాణం, వీడియో కాల్ పెట్టి టీవీ ముందు ఫోన్ నిలబెట్టేస్తాడు, "తాతా చూడు చూడు" అని. మొదట్లో నాకు ఆ పక్ ఎక్కడుందో కనబడేది కాదు, నల్ల రబ్బరు బిళ్ల అది, సుయ్‌మని పోతాది. తర్వాత అలవాటైంది. పైగా మనం హాకీ రాష్ట్రంలో ఉన్నవాళ్లం, గడ్డి మీదైనా మంచు మీదైనా కర్ర పట్టుకున్నోడి భుజం చూస్తే వాడు ఎటు కొడతాడో తెలియదా ఏటి.

2025 ఏప్రిల్ 6న శ్రీరామనవమి, ఆదివారం. పగలంతా గుళ్లో పానకం, వడపప్పు, కల్యాణం అయ్యి వచ్చి మంచం ఎక్కేసరికి మనవడు ఫోన్. మనకి రాత్రి పది. న్యూయార్క్ ఐలాండర్స్ మీద మ్యాచ్. రెండో పీరియడ్‌లో పవర్ ప్లే, అంటే అవతలి టీంలో ఒకడు ఫౌల్ చేసి బయట కూర్చున్నాడు, టామ్ విల్సన్ పాస్ ఇచ్చాడు, ఒవెచ్‌కిన్ ఎప్పుడూ నిలబడే ఎడమ వైపు సర్కిల్ నుంచి కొట్టాడు, అయిపోయింది. ఎన్‌హెచ్ఎల్ అనే అక్కడి పెద్ద లీగ్‌లో ఆయనకి 895వ గోల్. వేన్ గ్రెట్జ్‌కీ 1999లో ఆట మానేసినప్పటి నుంచి 894 దగ్గర ఆగిన లెక్క అది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి మంచు మీద బోర్లా పడి పొట్టతో జారుకుంటూ పోయాడు, చిన్నపిల్లాడిలాగ. ఆట ఆపేశారు, గ్రెట్జ్‌కీ స్వయంగా వచ్చి మాట్లాడాడు, మా ఇంట్లో అందరూ లేచి కూర్చున్నారు. విచిత్రం ఏంటంటే గ్రెట్జ్‌కీ 1,487 మ్యాచ్‌లు ఆడితే ఈయనకీ అది 1,487వ మ్యాచే.

ఇక్కడి దాకా అందరూ రాశారు, మీరూ ఫోటో వేశారు. ఆ మ్యాచ్ క్యాపిటల్స్ 4-1 తేడాతో ఓడిపోయిందని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ ఓటమిని పట్టుకుని ఇప్పుడు చూశారా అంటే ఎలాగండీ?

మన సచిన్‌ని గుర్తు తెచ్చుకోండి. వందో సెంచరీ 2012 మార్చి 16న మిర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద కొట్టాడు, ఏడాది పైన దేశం మొత్తం ఎదురుచూసిన సెంచరీ, ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం, ఆ ఆసియా కప్ ఫైనల్‌కి కూడా పోలేదు. అది చెప్పి అందరూ సచిన్‌ని అన్నారు. కానీ 99వ సెంచరీ? అది 2011 మార్చి 12న నాగ్‌పూర్‌లో సౌతాఫ్రికా మీద, వరల్డ్ కప్‌లో. ఒక వికెట్‌కి 267 ఉన్నోళ్లం 296కి ఆలౌట్ అయ్యాం, డేల్ స్టెయిన్ ఐదుగురిని ఊడ్చేశాడు, మ్యాచ్ పోయింది. మా రైల్వే కాలనీలో ఆ రాత్రి తిట్లు ఇంతా అంతా కాదు, నేనూ తిట్టాను. మూడు వారాల తర్వాత ఏప్రిల్ 2న అదే టీం ముంబైలో కప్ ఎత్తింది. సెంచరీ అదే మనిషిది, ఓటమి అలాంటిదే, కానీ ఒకసారి టీం తేరుకుంది, ఒకసారి తేరుకోలేదు. మరి తప్పు సెంచరీదా? పండగ అయ్యాక మర్నాడు ఆ టీం ఏం చేసింది అన్నదే చూడాలి, మీ ఐటంలో ఆ మర్నాడు లేదు.

ఆ మర్నాడు సంగతి నాకు సొంతంగా తెలుసు, నా తప్పుతోనే తెలుసు. మేం కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఇక్కడ రైల్వే గ్రౌండ్‌లో హాకీ ఆడేవాళ్లం, నేను ఆటలో అంతంత మాత్రం, లెఫ్ట్ బ్యాక్, కానీ చేతిరాత బాగుంటాదని లెక్కలు నాకిచ్చారు. మా సెంటర్ ఫార్వర్డ్ ఒకడు ఉండేవాడు, పేరెందుకు, మనవలున్నారిప్పుడు వాడికి, వాడి గోల్స్ మొదటి నుంచీ నేను నోట్‌బుక్‌లో రాసేవాడిని. ఎనభై దాటాక నాకే పూనకం వచ్చింది, ప్రతి మ్యాచ్ ముందు ఎన్నున్నాయో, ఇంకెన్ని కావాలో చెప్పేవాడిని. తొంభై అయ్యాక టీ బడ్డీ వాడికీ తెలుసు, టికెట్ కౌంటర్ వాడికీ తెలుసు. ఇంక ఆట ఎలా అయిందంటే రైట్ వింగ్‌లో ఉన్నోడు గోల్ ముందు ఖాళీగా ఉన్నా సరే వెనక్కి తిప్పి వీడికే ఇచ్చేవాడు, పెనాల్టీ కార్నర్ కొట్టేవాడు మానేసి పక్కకి జరిగి వీడిని కొట్టమనేవాడు. లీగ్ ఆఖరి మ్యాచ్‌లో వంద కొట్టాడు. డప్పులు, దండలు, గులాలు, రాత్రి మటన్. నాలుగు రోజుల తర్వాత సెమీఫైనల్‌లో 3-0 ఓడిపోయాం. ఎవరి మీద ఓడిపోయామో రాయను, వాళ్లు ఇప్పటికీ వెక్కిరిస్తారు. గ్రౌండ్‌లో దిగాక అర్థమైంది, మాలో ఎవడికీ గోల్ కొట్టడం గుర్తులేదు, నెల రోజులుగా అందరం పాస్ ఇచ్చేవాళ్లమే, వాడేమో వంద అయిపోయింది కదాని ఒళ్లంతా వదులు చేసి తిరుగుతున్నాడు.

మా కెప్టెన్ సుందర్‌గఢ్ వైపు మనిషి, గాంగ్‌మన్‌గా వచ్చాడు, మాటలు తక్కువ. మర్నాడు సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చి నా దగ్గర నోట్‌బుక్ తీసుకుని "ఖాతా బొందొ కొరొ" అన్నాడు, అంతే, పుస్తకం మూసెయ్. తిట్టలేదు. తర్వాత వారం రోజులు మమ్మల్ని గోల్స్ కొట్టనివ్వలేదు, ఉత్త ట్రాపింగ్, పాసింగ్, వెనక్కి పరిగెత్తడం, బాల్ పోగొట్టినోడు గ్రౌండ్ చుట్టూ రౌండ్ కొట్టడం. విసుగు పుట్టి చచ్చేవాళ్లం. అప్పుడు తిట్టుకున్నాను గానీ మందు అదే.

అందుకే క్యాపిటల్స్ టీంని నేను ఆ కళ్లతోనే చూశాను, వీళ్లు కూడా మాలాగే అయిపోతారేమో అని. కాలేదు. ముందు ఒకటి చెప్తాను, ఇది మీ ఐటం రాసిన అబ్బాయికి చూపించండి. ఏప్రిల్ 4న షికాగో మీద ఒవెచ్‌కిన్ రెండు గోల్స్ కొట్టి 894కి వచ్చి గ్రెట్జ్‌కీతో సమానమయ్యాడు, సొంతూళ్లో మ్యాచ్, జనం లేచి నిలబడే ఉన్నారు. ఆఖర్లో షికాగో వాళ్లు గోలీని, అంటే గోల్‌కీపర్‌ని తీసేసి ఇంకో ఆటగాడిని దింపారు, ఐస్ హాకీలో ఓడిపోయేవాళ్లు అలా చేస్తారు, గోల్ పోస్టు బోసిగా ఉంటాది, ఈయన వెళ్లి తోస్తే చాలు రికార్డు. వెళ్లలేదు. ఖాళీ గోల్‌తో రికార్డు నాకొద్దని కోచ్ స్పెన్సర్ కార్బెరీకి చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ ఖాళీ గోల్ కొత్తగా వచ్చిన కుర్రాడు ర్యాన్ లియొనార్డ్ కొట్టాడు, వాడికి ఆ లీగ్‌లో అదే మొదటి గోల్. 894 గోల్స్ ఉన్న మనిషి కూర్చుని సున్నా ఉన్నోడికి చోటిచ్చాడన్నమాట. మోజు ఉన్నోడు అలా చేస్తాడా? మా సెంటర్ ఫార్వర్డ్ అయితే మమ్మల్ని తోసుకుని వెళ్లేవాడు, నేను నోట్‌బుక్ పట్టుకుని వెనకాలే వెళ్లేవాడిని.

ఇంకోటి, ఈ టీం ఆయన ఒక్కడి మీదే బతికింది కాదు. నవంబర్‌లో ఎడమ కాలి ఎముక విరిగి 16 మ్యాచ్‌లు ఆడలేదు, అప్పుడు కూడా గెలుస్తూనే ఉన్నారు. అంతకు ముందు ఏడాది ప్లేఆఫ్స్‌కి అతికష్టం మీద వచ్చి న్యూయార్క్ రేంజర్స్ చేతిలో 4-0 ఓడిపోయిన టీం ఇది. ఈ సీజన్ 82 మ్యాచ్‌ల్లో 111 పాయింట్లు, ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఫస్ట్.

రికార్డు తర్వాత మిగిలిన మ్యాచ్‌ల్లో కాస్త జారారు, ఒప్పుకుంటాను, చూసేవాళ్లకే తెలిసిపోయేది, కాళ్లలో బరువు, పాసులు పొట్టిగా పడటం, పెళ్లి అయిపోయిన ఇల్లులాగ ఉంది. నెలల తరబడి ఏ ఊరెళ్లినా ఒకటే ప్రశ్న, ఎన్ని కావాలి ఇంకా, ఎప్పుడు కొడతాడు అని. ఆ ప్రశ్న ఉన్నట్టుండి ఆగిపోతే మంచాన పడ్డవాడికి జ్వరం తగ్గినట్టే, లేచి నడవడానికి నాలుగు రోజులు పడుతుంది. పైగా గోలీ లోగన్ థాంప్సన్ ఏప్రిల్ మొదట్లో దెబ్బ తగిలి బయట కూర్చున్నాడు. మనవడు ఫోన్‌లో ఏడుపు మొహం, "తాతా, మళ్లీ మాంట్రియల్ అట". వాడు పుట్టకముందు సంగతి వాడికి వాళ్ల నాన్న చెప్పాడు, 2010లో ఇదే క్యాపిటల్స్ 121 పాయింట్లతో లీగ్ మొత్తానికి ఫస్ట్ వచ్చి, ఇదే మాంట్రియల్‌తో మొదటి రౌండ్‌లో 3-1 ముందుండి 4-3 తేడాతో ఇంటికి పోయింది.

ఇలాంటివి ఆ లీగ్‌లో బోలెడు. 2019లో టాంపా బే 62 మ్యాచ్‌లు గెలిచి డెట్రాయిట్ పాత రికార్డుతో సమానంగా నిలబడి, మొదటి రౌండ్‌లో కొలంబస్ చేతిలో నాలుగుకి నాలుగూ ఓడింది. 2023లో బోస్టన్ 65 గెలుపులు, 135 పాయింట్లు, అంతకు ముందు ఎవరూ చెయ్యనిది, ఫ్లోరిడా మీద 3-1 ముందుండి మొదటి రౌండ్‌లోనే పోయింది. మీ ఐటంకి ఇవి సరిపోయే ఉదాహరణలు, వీటి గురించి రాస్తే నేను నోరెత్తేవాడిని కాదు.

మరి 2025లో ఏమైంది? ఏప్రిల్ 22 తెల్లవారి మనకి నాలుగున్నరకి మొదటి మ్యాచ్, నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను, మా ఆవిడ "ఈ వయసులో ఏటీ పిచ్చి" అంటూనే కాఫీ పెట్టింది. థాంప్సన్ తిరిగొచ్చాడు. 2-0 ముందున్నారు, మూడో పీరియడ్‌లో మాంట్రియల్ రెండూ దించేసింది, 2-2. నాకు మా సెమీఫైనల్ కళ్ల ముందుకొచ్చింది. ఓవర్‌టైం. రెండున్నర నిమిషాల్లోపే ఒవెచ్‌కిన్ కొట్టాడు, అదీ గొప్ప షాట్ కాదు, గోల్ ముందు గుంపులో ఉండి తోసిందే. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాడు కదా, 895 కొట్టిన మనిషికి ప్లేఆఫ్స్ ఓవర్‌టైంలో అదే మొదటి గోల్ అంట! సరిగ్గా అప్పుడే పేపర్ కుర్రాడు గేటులోంచి మీ పేపర్ విసిరాడు, అందులో ఏమీ లేదు, రేపు వేస్తారులే అనుకున్నాను, రేపూ లేదు. రెండోది 3-1 గెలిచారు, మూడోది 6-3 ఓడిపోయారు, తర్వాత 5-2, 4-1, సిరీస్ అయిపోయింది. 2010లో జారిన చోటే ఈసారి దాటారు.

తర్వాత రెండో రౌండ్‌లో కరోలినా టీం. వాళ్లు మెరుగ్గా ఆడారు, అంతే. పక్ క్యాపిటల్స్ దగ్గర నిలవనివ్వలేదు, పాస్ ఇచ్చే లోపలే మీద పడిపోయేవాళ్లు, ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు గెలిచారు. ప్రతి ఓటమికీ ఒక జబ్బు పేరు పెట్టక్కర్లేదు, ఎదుటోడు బాగా ఆడాడని రాస్తే మీ పేపర్‌లో ఇంకు అయిపోదు.

ఇంకో మాట, మీరు మా వైపు ఎడిషన్‌లో విశాఖ, విజయనగరం వార్తలే ఎక్కువ వేస్తారు, ఈ రాష్ట్రం హాకీ గురించి తెలుగులో చదువుదామంటే దొరకదు. పారిస్ ఒలింపిక్స్‌లో 2024 ఆగస్టు 4న మన హాకీ టీం క్వార్టర్ ఫైనల్‌లో మా సుందర్‌గఢ్ కుర్రాడు అమిత్ రోహిదాస్‌కి 17వ నిమిషంలో రెడ్ కార్డ్ ఇచ్చేస్తే పది మందితో మిగతా ఆటంతా బ్రిటన్‌ని ఆపి 1-1 చేసి షూటౌట్‌లో గెలిచారు. సెమీస్‌లో అతను లేకుండా జర్మనీ మీద 3-2 ఓడారు, రెండ్రోజుల తర్వాత స్పెయిన్ మీద 2-1 గెలిచి కంచు తెచ్చారు. గోల పెట్టుకోవడానికి వాళ్లకి బోలెడంత సాకు ఉంది, ఆ రెండ్రోజులు ఏం ప్రాక్టీస్ చేశారు, ఎవరు ఎవరి పొజిషన్‌లో ఆడారు, అలాంటివి ఎవరైనా కూర్చుని రాస్తే ఇక్కడి పిల్లలు చదువుతారు. మా గ్రౌండ్‌లో ఇప్పుడూ సాయంత్రం పదిహేను మంది వస్తారు, సగం మంది ఇంట్లో తెలుగే.

ఇక సవరణ ఒకటి వెయ్యాలి మీరు. మీ ఐటంలో ఒవెచ్‌కిన్ గోల్స్ 894 అని పడింది, అది గ్రెట్జ్‌కీది. రికార్డు కొట్టిన రోజుకి 895, రెగ్యులర్ సీజన్ ముగిసేసరికి 897. నాకు లెక్కలు రాసే అలవాటు ఇంకా పోలేదు, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
రాయగడ