నాణేల గ్రేడింగును ఎంతవరకు నమ్మవచ్చు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు మన నాణేల సేకరణదారుల సంఘం కార్యవర్గం తరఫున నమస్కారములు.

ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి, పైన నాణెం స్థితిని చెప్పే ఒక అంకె (గ్రేడు) ముద్రించి ఇచ్చే నాణేన్ని ఆ అంకెను చూసి కొనవచ్చునా అన్నది గత సర్వసభ్య సమావేశంలో మీలో పలువురు అడిగిన ప్రశ్న. అప్పట్లో సూటిగా జవాబు చెప్పలేకపోయినందున, ఈ ఏడాది నెలవారీ సమావేశాలలో ఎక్కువ భాగాన్ని దానికే కేటాయించాము. (ఈ పెట్టెను సేకరణదారులు స్లాబు అంటారు. మన ఇళ్ళలో స్లాబు అంటే ఇంటికప్పు కనుక, కొత్త సభ్యులు మొదటిరోజు కొంత తికమకపడ్డారు.)

1 నుంచి 70 వరకు ఉండే ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశారు. అడుగు స్థాయి నాణేనికి పలికే ధరకు మేలిస్థాయి నాణెం ఎన్ని రెట్లు పలుకుతుందో ఆ అంకె చెప్పాలన్నది ఆయన ఉద్దేశం. ధరల లెక్క ఎంతోకాలం నిలవలేదు, అంకెలు మాత్రం నిలిచిపోయాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగు సంస్థలు మొదలైన తరువాత వాటి చుట్టూ ఒక వ్యాపారమే పెరిగింది. 1990 ప్రాంతంలో కంప్యూటరుతో గ్రేడింగు చేయించాలని కూడా చూశారు గానీ, ఆ ప్రయత్నం నిలబడలేదు. కనుక మనం డబ్బు కట్టి తెప్పించుకునేది నేటికీ అనుభవజ్ఞుల కళ్ళు చెప్పే అభిప్రాయమే తప్ప, త్రాసు చూపే తూకం కాదు.

అది ఎంత అభిప్రాయమో మన సభ్యులొకరి 1940 నాటి ఆరవ జార్జి రూపాయి తేటతెల్లం చేసింది. మొదటిసారి దానికి 62 వచ్చింది. ఇంకొక మెట్టు పెరుగుతుందేమోనన్న ఆశతో ఆయన పెట్టె పగలగొట్టి, అదే సంస్థకు మళ్ళీ పంపగా, ఈసారి అంకె లేకుండా, తుడిచిన నాణెమన్న వ్యాఖ్యతో తిరిగి వచ్చింది. ఆ రూపాయిని మేము దీపం కింద ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూశాము. రాజు చెంప మీద, ఒకే దిశలో సాగిన వెంట్రుకల వంటి సన్నని గీతలు కనిపించాయి. నాణేన్ని తిప్పినప్పుడు బండిచక్రం ఆకుల్లా కదలవలసిన మెరుపు ఆ గీతల దగ్గర ఆగిపోతోంది. పండుగ ముందు వెండి కుందులతో పాటు పూజలోని రూపాయలను కూడా విభూతితో తోమే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి కనుక, ఈ గీతల పుట్టుక ఎవరికీ వింతగా తోచలేదు. మా అంచనాలో రెండవ తీర్పే సరైనది. అయితే మొదటి తీర్పును నమ్మి ఎవరైనా కొని ఉంటే నష్టపోయేది కొన్నవారే.

చార్మినార్ రూపాయల విషయంలో చిక్కు వేరు. ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద చార్మినార్ ద్వారంలో 'ఐన్' అనే అరబిక్ అక్షరం ఉంటుంది. తొలి నాణేలలో అది పొట్టిగా, తరువాతి వాటిలో పూర్తిగా కనిపిస్తుంది. సమావేశానికి వచ్చిన ఒక స్లాబు చీటీ మీద హైదరాబాదు రూపాయి అనీ, హిజ్రీ సంవత్సరమనీ ఉన్నాయే తప్ప, ఏ 'ఐన్' అన్న మాటే లేదు. స్థితిని శ్రద్ధగా చూసినవారు రకాన్ని వదిలేశారన్నమాట. ఇక్కడి నాణేలను ఇక్కడివారే చదువుకోక తప్పదు.

అసలా నకిలీయా తేల్చడంలో పేరున్న సంస్థల మాటకు, అంకె విషయంలో వారి మాట కంటే ఎక్కువ విలువ ఇవ్వవచ్చునని కార్యవర్గం భావిస్తోంది. 63కూ 64కూ నడుమ తేడాను ఇద్దరు నిపుణులు రెండు విధాలుగా చూడడం మామూలే. కొన్ని నాణేలకు ధర ఎగబాకేది సరిగ్గా అక్కడే. అయితే స్లాబులకే నకిలీలు వచ్చాయి కనుక, చీటీ మీది గుర్తింపు సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో సరిచూసి, అక్కడ ఫొటో ఉంటే చేతిలోని నాణెంతో మచ్చమచ్చకూ పోల్చుకోవాలి. నిజమైన సంఖ్యనే నకిలీ చీటీ మీద అచ్చువేసిన సందర్భాలూ ఉన్నాయి.

గ్రేడింగు కోసం నాణేలను విదేశాలకు పంపదలచిన సభ్యులు ఒక విషయం గమనించాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దానిని వ్యక్తులు దేశం దాటించడం నేరం. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందన్న గోలతో మరుసటి ఏడే మార్చేసిన 1911 నాటి ఐదవ జార్జి రూపాయి ఈ కోవలోకే వస్తుంది.

ఇకపై మన మార్పిడి బల్ల మీద స్లాబు నాణెం పెట్టేవారు సంఖ్య సరిచూసిన పత్రాన్ని పక్కన ఉంచాలని, కొనేవారు అడిగితే దీపం కింద చూడనివ్వాలని కార్యవర్గం తీర్మానించింది. అంకె మీద వచ్చే తగాదాలలో సంఘం తీర్పు చెప్పదు. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాము.

వచ్చే ఏడాది మొదటి సమావేశంలో తుడిచిన నాణేలను పోల్చి చూస్తాము. ఇంట్లో తోమిన రూపాయలు ఉన్నవారు సిగ్గుపడకుండా తీసుకురాగలరు.

ఇట్లు,
కార్యదర్శి