రంగన్న చెవి

పీణ్య, బెంగళూరు
ఆదివారం

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి మామూలే. నువ్వు ఫోన్ చేసి 18 రోజులైంది. ఆ లెక్క నాది కాదు, మీ అమ్మది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే మాట్లాడినట్టు కాదంటుంది.

మొన్న శేషు బాబాయి వచ్చాడు. చెన్నై దగ్గర ఒరగడంలో, మీ ఫ్యాక్టరీ లైన్‌లో రోబోలు దించారట, మనుషుల్ని తగ్గిస్తున్నారట. శేషు మాటల్లో సగం గాలేనని నాకు తెలుసు. అందుకని రాయడం లేదులే, ఊరికే, తోచక.

రోబో నిన్నగాక మొన్న వచ్చిందేం కాదు. 1961లోనే అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు యూనిమేట్ అనేదాన్ని పనిలో పెట్టారు, అచ్చుల్లోంచి కాలే పోతలు తీయడానికి. మనిషి చెయ్యి కాలకుండా పోయింది, మంచిదే.

మా లేత్ షాపులో రంగన్న మేస్త్రి ఉండేవాడు. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి నొక్కి కళ్లు మూసుకునేవాడు. 1993లో ఓ రాత్రి పెద్ద లేత్ దగ్గర అలాగే విని, "ఇసుక నములుతోందిరా, ఆపండి" అన్నాడు. టార్చి పట్టుకున్నది నేనే. నా చెవికీ పిడి ఆనించాడు. నాకు హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఆర్డరు అర్జంటని ఓనరు ఆపనివ్వలేదు. తెల్లవారుజామున నాలుగింటికి బేరింగ్ పట్టేసింది, స్పిండిల్, అదే తిరిగే ఇరుసు, నీలంగా కాలింది. మిషన్ పదకొండు రోజులు పడుకుంది. తిట్లు మాత్రం రంగన్నకే, గట్టిగా చెప్పలేదని!

ఇప్పుడు పక్క షాపులో మోటారుకు అగ్గిపెట్టెంత సెన్సర్ అతికించారు. అదురు, వేడి కొలిచి ఫోన్‌కు పంపుతుంది. అచ్చం రంగన్న చెవే. కానీ ఫోన్‌లో గీత పైకి లేస్తే పోయింది బేరింగో, వదులైంది పునాది బోల్టో ఎవరో ఒకరు వెళ్లి చూడాలి కదా. ఆ ఎవరో నువ్వే కావాలి. కోర్సేదైనా ఉంటే చేరు, ఫీజు నేను కడతాను. లెక్చరు ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను, అయినా ఇచ్చేశాను.

ఊళ్లో పెదనాన్న వేరుశనగకు డ్రోన్‌తో మందు కొట్టించాడు. పది లీటర్ల ట్యాంకు, ఎకరం పది నిమిషాల్లో అయిపోయిందట. మరి వీపున పంపు మోసే వీరయ్య ఏం చేస్తున్నాడని అడిగితే మాట మార్చాడు. నువ్వు అలా మార్చకు.

రోబో కంచెలోకి వెళ్లాల్సి వస్తే మెయిన్ స్విచ్ ఆపి, నీ తాళం నువ్వే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే వెళ్లు. కదలకుండా ఉందంటే ఆగిపోయిందని కాదు, సిగ్నల్ కోసం చూస్తుండొచ్చు.

నీ ఖాతాలో ఐదు వేలు వేశాను, పండగకని అనుకో. అద్దె కట్టావా?

మీ అమ్మ ఆవకాయ సీసా గుడ్డ చుట్టి పెట్టింది. కొరియర్ వాడు పగలే తెచ్చిస్తాడట. ఫ్యాక్టరీ అడ్రసు రాయనా, గది అడ్రసా?

నాన్న