ఎగ్జిబిషన్ పని ఏడాదంతా ఉండదు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను దుబాయ్‌లో ఎగ్జిబిషన్ స్టాండ్లు, అంటే ప్రదర్శనల్లో కంపెనీలు పెట్టుకునే స్టాళ్లు, కట్టే కార్పెంటర్ని. ఈ పనిలో పన్నెండో ఏడు నడుస్తోంది. గల్ఫ్ ఉద్యోగాల మీద మీరు ఈ మధ్య వేసిన కథనాన్ని మా రూములో నలుగురం ఒకే ఫోన్లో చదివాం. 'ఎగ్జిబిషన్ రంగంలో ఏడాది పొడవునా పని' అన్న ముక్క దగ్గర మా ఫోర్‌మన్ గట్టిగా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ముక్క నమ్మి అప్పు చేసి బయల్దేరేవాళ్లుంటారు.

ఎమిరేట్స్ (యూఏఈ) చిన్న దేశం. ఇక్కడి ప్రదర్శనల్లో అమ్మేవాడూ కొనేవాడూ చాలావరకు ఇద్దరూ విమానం దిగి వచ్చినవాళ్లే. అందుకే అంతా విమానాశ్రయం, హోటళ్లు, వాతావరణం మీద నడుస్తుంది. 39 అంతస్తుల దుబాయ్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 1979లో తెరిచారు. దాని బొమ్మ పాత 100 దిర్హాముల కాగితం నోటు మీద ఉంటుంది. నా మొదటి జీతం ఏటీఎంలో తీస్తే వచ్చినవి ఆ నోట్లే. నేను రోజూ పనికి వెళ్లేది ఆ బిల్డింగ్ పక్కనున్న ఎగ్జిబిషన్ హాళ్లకేనని మాత్రం చాలాకాలం గమనించలేదు. అక్కడ టెక్నాలజీ ప్రదర్శన జైటెక్స్ 1981 నుంచి, ఆహార పదార్థాల ప్రదర్శన గల్ఫుడ్ 1987 నుంచి జరుగుతున్నాయి.

పెద్దవన్నీ దాదాపు అక్టోబర్ నుంచి మే లోపే అయిపోతాయి. మధ్యలో రంజాన్ వస్తే ఆ నెల చల్లబడుతుంది, పనిగంటలు కూడా రోజుకి రెండు తగ్గుతాయి. ఎండాకాలం వర్క్‌షాపులో పాత ప్యానెళ్లకి పుట్టీ పెట్టి రంగులేయడమే. అది కూడా అందరికీ దొరకదు. కొందరిని జీతం లేని సెలవు మీద ఇంటికి పంపిస్తారు. 2020 అయితే చెప్పనే అక్కర్లేదు. మేము స్టాండ్లు కట్టే హాళ్లలోనే 3,000 పడకల కోవిడ్ ఆసుపత్రి పెట్టారు. ఆ డిసెంబర్‌లో జైటెక్స్ జరిగేదాకా నేను సుత్తి పట్టలేదు.

సీజన్లో మాత్రం పనికి అంతుండదు. రేపు ఉదయం తలుపులు తెరుస్తారనగా ఈ రాత్రి హాలు చూడాలి. ఏసీ ఉంటుంది కదా అంటారు గానీ లారీల కోసం షట్టర్లు బార్లా తీసే ఉంటాయి. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) పొడి కళ్లలో పడుతుంటుంది. ఒకడు లైట్లు బిగిస్తుంటే వాడి నిచ్చెన కిందే ఇంకొకడు రంగేస్తుంటాడు. రాత్రి రెండు గంటలకి క్లయింటు వచ్చి కౌంటర్ రెండడుగులు ఇటు జరపమంటాడు. కింద వైరు నేలలోంచి వచ్చిందని అతనికి తెలీదు, మాకు టెన్షన్. తెల్లారగట్ల కార్పెట్ మీద ప్లాస్టిక్ కాగితం చరచరా లాగేస్తారు. ఆ చప్పుడు వినబడిందంటే ఇక మేం బయటికి నడవాల్సిందే. నేను కట్టిన స్టాండ్లో జనం తిరుగుతుంటే చూసింది ఈ పన్నెండేళ్లలో రెండుసార్లు. మూడు నాలుగు రోజులకి మళ్లీ మేమే వెళ్లి విప్పుతాం. మంచి ప్లైవుడ్ కూడా చెత్త డబ్బాలోకి పోతుంటే, చెక్కపని చేసేవాడిగా అదొక్కటి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక ఓవర్‌టైమ్. ఏజెంట్లు ఊరించేది దీంతోనే. ఇక్కడి చట్టం ప్రకారం మామూలు ఓవర్‌టైమ్‌కి పావు వంతు, రాత్రి 10 నుంచి ఉదయం 4 దాకా చేస్తే సగం ఎక్కువ ఇవ్వాలి. కానీ ఆ లెక్క బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీద, మొత్తం జీతం మీద కాదు. జీతం 1,500 దిర్హాములని చెప్పి కాగితంలో బేసిక్ 900 రాశారనుకోండి. రాత్రి గంటకి వచ్చేది ఐదున్నర దిర్హాములకి కాస్త పైన. ఏజెంటు చెప్పే లెక్కలో అది తొమ్మిది దాటుతుంది. ఇంకో మాట: పనిలో పెట్టుకున్నందుకు కార్మికుడి దగ్గర ఫీజు వసూలు చేయకూడదని కూడా ఇక్కడి చట్టంలో ఉంది. మా రూములో నలుగురమూ కట్టే వచ్చాం.

మీరు మళ్లీ రాస్తే ఈ సీజన్ సంగతి, బేసిక్ సంగతి కూడా వేయండి. మా బావమరిది ఇదే పనికి వస్తానని కూర్చున్నాడు. ఆఫర్ లెటర్లో బేసిక్ ఎంతో అడగమని చెప్పి మూడు వారాలైంది. ఏజెంటు ఇంకా చెప్పలేదట. పాస్‌పోర్ట్ మాత్రం తీసుకున్నాడు.

ఇట్లు,
ఒక స్టాండ్ కార్పెంటర్,
అల్ ఖూజ్, దుబాయ్