గడువు అడగడానికి మొహమాటం ఎందుకురా?

డాలస్
ఏప్రిల్ మొదటి వారం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. విజయవాడ బ్యాంకు నుంచి వడ్డీ కాగితాలు రాలేదు, వాటికోసం మీ నాన్నగారు ఎండలో తిరుగుతున్నారు, ఇక్కడ అమెరికాలో పన్ను రిటర్ను వేయవలసిన ఏప్రిల్ 15 ముంచుకొస్తోంది, గడువు అడిగితే పన్నుల వాళ్ల కన్ను పడుతుందేమోనని నీకు భయం! ముందు పెద్దాయనను ఎండలో తిరగవద్దని చెప్పు.

ఇక్కడ గడువు అడగడం తప్పూ కాదు, వింతా కాదు. దానికోసమే 4868 అనే ఫారం ఉంది. పేరు, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు, పన్ను సుమారుగా ఎంత, ఇప్పటికే ఎంత కట్టావు, ఇంకా ఎంత బాకీ, ఇవే అందులో ముఖ్యం. ఆలస్యం ఎందుకని ఎక్కడా అడగరు. నువ్వేమో హెడ్మాస్టరుకు సెలవు చీటీలా కారణాలన్నీ ఏకరువు పెట్టి విన్నపం రాసి పెట్టుకున్నావు. దాన్ని చింపెయ్యి. ఫారం వేళకు పంపితే చాలు, అక్టోబర్ 15 దాకా గడువు దానంతటదే వస్తుంది.

మన దేశం అలవాటు నిన్ను వదలలేదులే. అక్కడ రిటర్ను వేయడానికి ఎవరికి వారు ఇలా గడువు తెచ్చుకునే వీలు లేదు. జూలై వచ్చిందంటే అందరూ ప్రత్యక్ష పన్నుల బోర్డు వైపు చూస్తూ కూర్చోవలసిందే. 2025లో జూలై 31ని సెప్టెంబర్ 15కు జరిపారు, ఆ తర్వాత ఇంకొక్క రోజు కలిపారు. ఆ ఒక్క రోజు కోసం ఎంతమంది అర్ధరాత్రి దాకా మేలుకున్నారో! ఇక్కడ ఆ పడిగాపులు లేవు.

అసలు మెలిక డబ్బు దగ్గర ఉంది. గడువు కాగితాలకే గాని పన్నుకు కాదు. ఈ మాట చాలామంది చెవికెక్కదు. ఏప్రిల్ 15కల్లా కట్టవలసింది కట్టి తీరాలి. నీకు మూడు వేల డాలర్లు బాకీ తేలిందనుకో. ఫారమూ పంపక, రిటర్నూ వేయక ఊరుకుంటే నెలకు 5 శాతం, అంటే 150 డాలర్ల జరిమానా. నెలలో ఒక్క రోజు గడిచినా నెల కిందే లెక్క. గడువు తీసుకుని డబ్బు మాత్రమే ఆలస్యం చేస్తే నెలకు అర శాతం, 15 డాలర్లు. రెండింటికీ వడ్డీ వేరు. మొత్తం పన్నులో 90 శాతమైనా జీతంలో కోతతోనో చెల్లింపులతోనో వేళకు చేరి, మిగిలింది రిటర్నుతో పాటు కట్టేస్తే ఆ అర శాతం కూడా పడదు, వడ్డీ ఒక్కటే. అందుకే కాస్త ఎక్కువే అంచనా వేసి కట్టెయ్యి. మిగిలితే వెనక్కి వస్తుంది. ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో డైరెక్ట్ పే ద్వారా, ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) కోసమని ఎంచుకుని కడితే ఫారం కూడా వేరే పంపనక్కర్లేదు.

విజయవాడ కాగితాలు ఎలాగూ తిప్పలు పెడతాయి. బ్యాంకు వాళ్లు ఏప్రిల్ నుంచి మార్చికి లెక్క ఇస్తారు, ఇక్కడ జనవరి నుంచి డిసెంబర్ కావాలి. రెండు సంవత్సరాల పత్రాలు తెప్పించి నెలలవారీగా విడదీసుకోవాలి. ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల ఖాతా) డిపాజిట్ వడ్డీకి అక్కడ పన్ను లేదని ఇక్కడ దాచకు, ఇక్కడ అది ఆదాయమే. మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయన్నావు, వాటికి 8621 ఫారం వేరే ఉంది. దాన్ని మాత్రం తెలిసిన అకౌంటెంటుకు అప్పగించు, మనబోటి వాళ్లు పెట్టుకోవలసిన పని కాదు.

నాన్నగారితో ఉమ్మడి ఖాతా సంగతి మరిచిపోవద్దు. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల నివేదిక, వేయాలి. దానికి అడగకుండానే అక్టోబర్ 15 దాకా గడువు ఉంది. ఐఆర్ఏలో, అంటే రిటైర్మెంటు పొదుపు ఖాతాలో, డబ్బు వేయాలనుకుంటే మాత్రం ఏప్రిల్ 15 దాటితే పోయిన ఏడాదికి చెల్లదు, ఈ గడువు దానికి వర్తించదు.

రాష్ట్రం పన్ను సంగతి నువ్వే చూసుకోవాలి, మా టెక్సాస్‌లో ఆ బాధ లేదు. మీ కాలిఫోర్నియా అడగకుండానే ఆరు నెలలు ఇస్తుంది. డబ్బు మాత్రం వాళ్లకూ ఏప్రిల్‌లోనే కావాలి.

నీ డబ్ల్యు-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోతల కాగితం), పోయినేటి రిటర్ను దగ్గర పెట్టుకుని శనివారం పొద్దున ఫోను చెయ్యి. సుమారు లెక్క కట్టేద్దాం. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు