కౌంటరు వెనక కుర్చీ వేయించండి

సంపాదకులు గారికి,

దసరా, దీపావళి అమ్మకాలు మొదలయ్యాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ బట్టల షోరూముల్లో పొద్దున కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయిలు, కుర్రాళ్లు రాత్రి షట్టర్ దించేదాకా అలాగే ఉంటారు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి, సాక్సు అంచు దగ్గర చర్మం మీద గాడి పడుతుంది. అలసట అనుకుని సరిపెట్టుకుంటారు. ఇందులో అలసట కొంతే. మిగతాది కాళ్లలోకి దిగిన రక్తం పైకి ఎక్కలేకపోవడం.

గుండె రక్తాన్ని ఒళ్లంతా పంపుతుందని బడి పిల్లలు కూడా చెబుతారు. పాదాల దాకా వెళ్లిన రక్తం వెనక్కి ఎలా వస్తుందని అడిగితే మాత్రం చాలామంది గుండె లాక్కుంటుందనేస్తారు. ఆ లాగుడు చాలా స్వల్పం. విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్ల గుండె ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికి దాదాపు 5 లీటర్లు తోస్తుంది. ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కూడా ఇంచుమించు అంతే. గుండె ఎడమవైపు కింది గది (ఎడమ జఠరిక) నుంచి అన్నిటికన్నా పెద్ద రక్తనాళమైన బృహద్ధమనిలోకి దూకేటప్పుడు పీడనం, మనం బీపీ చెప్పే లెక్కలోనే, 120 దాకా ఉంటుంది. సన్నని కేశనాళికలు దాటి, రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే సిరల్లోకి చేరేసరికి అది 15 దగ్గరికి పడిపోతుంది. ఆ సిరలు చేరే గుండె పైగది, కుడి కర్ణికలో దాదాపు సున్నా. మనిషి పడుకుని ఉంటే ఈ తేడా చాలు, రక్తం తనంతట తాను గుండెకు చేరుతుంది.

నిలబడితే లెక్క మారుతుంది. గుండె నుంచి చీలమండ దాకా మీటరుకు పైగా నిలువున్న రక్తం బరువంతా కింది సిరల మీద పడుతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి పాదం సిరలో పీడనం 80 నుంచి 90 వరకూ ఉంటుంది. ఇదే బరువు గుండె నుంచి రక్తం తెచ్చే ధమనుల్లోనూ కలుస్తుంది కాబట్టి ప్రసరణ ఆగిపోదు. కానీ ధమని గోడ మందం, సిర గోడ పలచన. సిర సాగుతుంది, సాగిన చోట రక్తం నిలుస్తుంది. లేచి నిలబడితే చాలు, అర లీటరు పైచిలుకు రక్తం ఒంటి కింది భాగంలోకి దిగుతుంది. ఆగస్టు 15న ఎండలో బారులు తీరి నిలబడ్డ పిల్లలు కళ్లు తిరిగి పడిపోయేది ఎక్కువగా ఇందుకే. పడ్డ పిల్లవాణ్ని లేపి కూర్చోబెట్టకూడదు, నోట్లో నీళ్లు పోయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకుంటే చాలావరకు నిమిషంలో తేరుకుంటాడు. తేరుకోకపోతే, ఊపిరి సరిగా ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఈ రక్తాన్ని పైకి ఎక్కించేది పిక్క. కాలి సిరల్లో చర్మం కింద కనిపించేవి కొన్ని, కండరాల నడుమ లోతుగా పోయేవి కొన్ని. కాలి రక్తంలో 90 శాతం దాకా లోతు సిరల గుండానే పైకి వెళుతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి వాటిని పిండుతుంది. సిరల్లో అక్కడక్కడా రెండేసి పలుచని రెక్కలున్న కవాటాలుంటాయి. పైకి పోయే రక్తానికి తెరుచుకుంటాయి, కిందికి జారబోతే మూసుకుంటాయి. చేతిపంపులో వాల్వు చేసే పనే ఇది. కండరం వదులైనప్పుడు ఖాళీ అయిన లోతు సిరలోకి పైసిరల నుంచి రక్తం దిగుతుంది. నడుస్తున్న మనిషి చీలమండ దగ్గర పీడనం 30కి, అంతకన్నా కిందికి కూడా వస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి కొంత సాయం అందుతుంది గానీ, నిలబడ్డ కాలికి అది ఏమూలకూ చాలదు.

కవాటాల సంగతి నమ్మకం కుదరకపోతే 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే లోకానికి చూపిన పరీక్ష చేసి చూడండి. మోచేతికి పైన గుడ్డ కట్టి (నాడి అందాలి, అంత బిగువు చాలు) పిడికిలి బిగిస్తే ముంజేతి సిరలు ఉబ్బి అక్కడక్కడా ముడుల్లా కనిపిస్తాయి. అవే కవాటాలు. ముడికి దిగువన, మణికట్టు వైపు, సిరను ఒక వేలితో నొక్కి ఉంచి, రెండో వేలితో రక్తాన్ని ముడి దాటేదాకా పైకి తోసి ఆ వేలు తీసేయండి. ఆ ముక్క ఖాళీగానే ఉంటుంది, పైనున్న రక్తం వెనక్కి రాదు. కింది వేలు తీయగానే నిండుతుంది. నిమిషంలో ముగించి గుడ్డ విప్పేయాలి.

ఏళ్ల తరబడి కదలకుండా నిలబడితే సిర వెడల్పై రెక్కలు ఒకదానికొకటి అందవు. వంశంలో ఉన్నవాళ్లకు, గర్భిణులకు, బరువు ఎక్కువున్నవాళ్లకు ఇది త్వరగా వస్తుంది. ఒక కవాటం వదులైతే దాని బరువు కిందిదాని మీద పడుతుంది, అదీ పాడవుతుంది. అప్పుడే సిరలు వంకర్లు తిరిగి పైకి తేలతాయి. ఆ తర్వాత చీలమండ లోపలివైపు దురద, చర్మం గోధుమ రంగుకు మారడం, చివరికి మానని పుండు. పుండుకు పూతలు పూస్తూ నెలలు గడిపేస్తారు. సిరలో పీడనం తగ్గనిదే అది మానదు. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పైన తాడుతో బిగించి కట్టొద్దు, పీడనం పెరిగి ఇంకా కారుతుంది. పడుకోబెట్టి, కాలు గుండె కన్నా ఎత్తున పెట్టి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కాలి.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పి పెట్టి వెచ్చగా ఉంటే అది వేరే ప్రమాదం. లోతు సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు. మన ఇళ్లలో వెంటనే నూనె రాసి మర్దన మొదలుపెడతారు, దయచేసి ఆ పని చేయకండి. ఊడిన గడ్డ మహాసిరలోకి, కుడి కర్ణికలోకి, కుడి జఠరికలోకి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల ధమనిలోకి పోయి ఇరుక్కుంటుంది. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి సిరలో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ చేయించాలి. రెండు కాళ్లూ సమంగా వాస్తే గుండె, మూత్రపిండాలు, లివర్ చూపించుకోవాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రతోనూ కాళ్లు వాస్తాయి. సొంతంగా మానేయకుండా డాక్టరుకు చెబితే మందు మారుస్తారు.

నిలబడక తప్పని ఉద్యోగులు అరగంటకోసారి మునివేళ్ల మీద లేచి మడమలు దించడం ఇరవైసార్లు చేయాలి. బిగుతు మేజోళ్లు పనికొస్తాయి. వాటిని వాపు మొదలుకాక ముందే, పొద్దున మంచం దిగకముందు వేసుకోవాలి. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ ఉండాలి. మోకాలి కింద క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టుకునేవాళ్లు సరిగ్గా దీనికి వ్యతిరేకం చేస్తున్నారు. మధుమేహులు, పొగతాగేవాళ్లు ముందు పాదంలో నాడి అందుతోందో లేదో డాక్టరుతో చూపించుకోవాలి. ధమని సన్నబడ్డ కాలికి బిగుతు మేజోడు తొడిగితే ఉన్న రక్తమూ అందదు.

ఇవన్నీ ఉద్యోగి చేసుకోగలిగినవి. యజమాని చేయాల్సింది కుర్చీ వేయించడం. నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే వీలు కల్పించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే చెప్పింది. దుకాణాల ఉద్యోగుల కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. మన రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు ఈ పండగల్లోనే షోరూములు తనిఖీ చేసి, కుర్చీ ఉందా, బేరం లేనప్పుడు కూర్చోనిస్తున్నారా అని ఉద్యోగులనే అడగాలి. వేసే కుర్చీ కూడా సరైనదై ఉండాలి. పాదాలు నేలకు ఆనని ఎత్తు స్టూలు వేస్తే దాని అంచు తొడ వెనక సిరను నొక్కుతుంది, వేలాడే కాలిలో రక్తం మళ్లీ నిలుస్తుంది. స్టూలే వేస్తే పాదాలు ఆనడానికి కింద ఒక అడ్డపట్టీ కూడా బిగించాలి.

— శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్