నాలుగో క్రూసేడు ఎందుకు వదిలేశారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో క్రూసేడ్ల మీద, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన మతయుద్ధాల మీద, వచ్చిన వ్యాసం చదివాను. 1095లో క్లెర్మాంట్ సభలో పోప్ రెండో అర్బన్ పిలుపు, 1099లో జెరూసలేంలో ఊచకోత, 1187లో ముస్లిం సుల్తాన్ సలాదిన్ ఆ ఊరిని తిరిగి పట్టుకోవడం, 1291లో క్రూసేడర్ల ఏకర్ కోట పడిపోవడం, ఇవన్నీ బాగానే రాశారు. 1204లో నాలుగో క్రూసేడు వాళ్లు సాటి క్రైస్తవుల బైజాంటైన్ రాజ్యపు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ని దోచుకున్న సంగతి మాత్రం లేదు. ఒక్క ముక్క కూడా లేదు. నేను కడపలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకి చరిత్ర చెప్తుంటాను. ఆ వ్యాసం చూసి మా వాళ్లు "క్రైస్తవులూ ముస్లింలూ రెండొందల ఏళ్లు కొట్టుకున్నారు, అంతే కదా సార్" అని తేల్చేశారు. అంతే అయితే నాకూ సుఖమే, ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది.

జెరూసలేం కోసమని బయల్దేరిన నాలుగో దండులో చాలామంది ఆ ఊరి మొహమే చూడలేదు. 33,500 మందికి ఓడలు కావాలని వెనిస్‌తో 85,000 మార్కులకు (మార్కు అంటే అప్పటి వెండి లెక్క) బేరం కుదిర్చారు, తీరా వచ్చింది అందులో మూడో వంతు. మూడొందల మందికని వంట చెప్పి వంద మందే వస్తే వంటాయన ఊరుకుంటాడా? వెనిస్ పాలకుడు డాండొలో కూడా ఊరుకోలేదు. ముసలాయన, కళ్లు కనపడవు, లెక్క మాత్రం తప్పడు. బాకీకి గడువు కావాలంటే జారా పట్టణాన్ని కొట్టిపెట్టమన్నాడు, అది క్రైస్తవుల ఊరే. పోప్ మూడో ఇన్నోసెంట్ వద్దన్నా 1202లో కొట్టారు, వెలి వేయించుకున్నారు. అంతలో కాన్‌స్టాంటినోపుల్ రాకుమారుడు అలెక్సియోస్ వచ్చి, సింహాసనం ఇప్పిస్తే 2 లక్షల మార్కులు ఇస్తానన్నాడు. ఇప్పించారు. అతని దగ్గర అంత డబ్బు లేదు, చివరికి సొంత వాళ్లే చంపేశారు. ఇక 1204 ఏప్రిల్‌లో ఆ నగరం మీద పడి మూడు రోజులు దోచుకున్నారు, చర్చిలని కూడా వదల్లేదు. అక్కణ్ణించి ఎత్తుకెళ్లిన కంచు గుర్రాలు ఇప్పటికీ వెనిస్‌లోనే ఉన్నాయి, సెయింట్ మార్క్ చర్చి బయట పెట్టినవి నకళ్లు, అసలువి లోపల మ్యూజియంలో.

బైజాంటైన్ వాళ్లు 1261లో నగరాన్ని తిరిగి తెచ్చుకున్నారు గానీ ఆ రాజ్యం మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. 1453లో ఆటోమన్ తురుష్కులకి చిక్కడానికి కారణాలు చాలా ఉన్నా, 1204ని పక్కనపెట్టి ఆ కథ చెప్పలేం. పోప్ కింద లేని గ్రీకు చర్చి అయితే ఈ గాయాన్ని ఎనిమిది వందల ఏళ్లు మర్చిపోలేదు, 2001లో పోప్ రెండో జాన్ పాల్ ఏథెన్స్ వెళ్లి క్షమాపణ అడిగినప్పుడు దీన్ని కూడా ప్రస్తావించాడు.

అంతా డబ్బు కోసమే జరిగిందని నేననడం లేదు. ఉన్న పొలం అమ్ముకుని, దేవుడి కోసమే అని నమ్మి వెళ్లినవాళ్లు బోలెడు మంది. ఆ నమ్మకంతోనే 1096లో దారిలో ఉన్న వార్మ్స్, మైన్జ్ అనే జర్మనీ ఊళ్లలో యూదుల్ని చంపారు, వాళ్లకీ జెరూసలేంకీ ఏం సంబంధమో! ఇంకోపక్క 1229లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, సుల్తాన్ అల్ కామిల్‌తో మాట్లాడుకుని, యుద్ధం లేకుండానే జెరూసలేం తీసుకున్నాడు. అప్పటికి ఆయన్ని కూడా పోప్ వెలి వేసే ఉన్నాడు. ఇలాంటివి మీ వ్యాసంలో ఉంటే వాట్సాప్‌లో తిరిగే 'వీళ్లా వాళ్లా' అన్న రెండు రంగుల బొమ్మకీ పత్రికకీ తేడా తెలిసేది. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు బారులు తీరే ఊరు మాది, ఇక్కడి పిల్లల ఫోన్లలోకి కూడా ఆ బొమ్మలు రోజూ వస్తూనే ఉన్నాయి.

వీలైతే వచ్చే ఆదివారం రెండో భాగం వేయండి, పోయినసారి ఫొటోకిచ్చిన చోటు ఈసారి మ్యాప్‌కివ్వండి. వేస్తే జిరాక్స్ తీయించి క్లాసులో పంచుతాను.

- ఒక చరిత్ర అధ్యాపకుడు, కడప